ఫ్యాట్ సరిగ్గానే ఉంది, పెరుగు మాత్రం గట్టిగా తోడుకోవడం లేదు: పొదుగు ఆరోగ్యానికీ పాల ప్రోటీన్‌కీ సంబంధం ఉందా?

మీరు అడిగింది ఇది. మొయినాబాద్ దగ్గర ఆరు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులు ఉన్నాయి, పాలు నేరుగా హైదరాబాద్‌లోని అపార్ట్‌మెంట్లకు ఇస్తున్నారు. మెషీన్‌లో ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు) ఎప్పటిలాగే వస్తున్నాయి, ప్రోటీన్ కూడా 3.2 చూపిస్తోంది. అయినా నెల రోజులుగా పెరుగు వదులుగా ఉందని, పైన నీళ్లు తేరుతున్నాయని, పనీర్ పొడిపొడిగా రాలిపోతోందని ఫోన్లు వస్తున్నాయి. ఒక ఆవుకి వెనక కుడి చన్ను పైభాగం చేతికి కాస్త గట్టిగా తగులుతోంది, పాలు మాత్రం చూడ్డానికి మామూలుగానే ఉన్నాయి. దాణా మార్చాలా, తోడు మార్చమని చెప్పాలా, లేక అసలు సమస్య పొదుగులో ఉందా అన్నది మీ సందేహం.

సమస్య పొదుగులోనే ఉండే అవకాశం చాలా ఎక్కువ. పొదుగువాపు వచ్చినప్పుడు పాలలో మొత్తం ప్రోటీన్ పెద్దగా తగ్గకపోవచ్చు, కానీ అందులో ఏ ప్రోటీన్ ఎంత ఉంది అన్నది మారిపోతుంది. పెరుగునీ పనీర్‌నీ కట్టి ఉంచేది కేసీన్. అది తగ్గుతుంది, ఉన్నదాంట్లో కొంత పొదుగులోనే ముక్కలవుతుంది. దాని చోట్లోకి రక్తంలోని ప్రోటీన్లు వచ్చి చేరతాయి. మెషీన్ చూపించే 3.2 మారకపోవడానికి ఒక కారణం ఇదే. మెషీన్ లెక్కకట్టే తీరు ఇంకో కారణం, అది కింద చెబుతాను. దాణా, తోడు రెండూ పక్కన పెట్టి, ముందు ఆరు ఆవుల నాలుగేసి చన్నుల పాలనూ విడివిడిగా పరీక్ష చేయండి. పద్ధతి కింద రాస్తాను.

నేను ఇరవై రెండేళ్లు పాల శీతలీకరణ కేంద్రాల్లో, డెయిరీ ల్యాబ్‌లో పనిచేశాను. ఇప్పుడు శంకర్‌పల్లి, చేవెళ్ల, ఘట్‌కేసర్ వైపు చిన్న డెయిరీలకు పాల నాణ్యత చూసి పెడుతున్నాను. పశువైద్యుణ్ణి కాను, అందుకే మందుల పేర్లు రాయను. పాల గురించి మాత్రం నేను స్వయంగా చూసినది చెప్పగలను.

ఆరోగ్యంగా ఉన్న ఆవు పాలలో ప్రోటీన్ సుమారు 3.2 నుంచి 3.5 శాతం ఉంటుంది. అందులో ఐదింట నాలుగు వంతులు కేసీన్, మిగతా ఒక వంతు వే ప్రోటీన్లు. జిమ్‌కి వెళ్లేవాళ్లు డబ్బాల్లో కొనేది ఈ రెండో రకమే. కేసీన్ పాలలో విడివిడిగా తేలదు. కాల్షియం, ఫాస్ఫేట్‌తో కలిసి కంటికి కనపడనంత చిన్న ఉండలుగా ఉంటుంది. పాలు తెల్లగా కనపడటానికి కొవ్వుతో పాటు ఈ ఉండలు కూడా కారణం. తోడు వేసినప్పుడు పులుపు పెరిగేకొద్దీ ఈ ఉండలు ఒకదానికొకటి అతుక్కుని వలలా అల్లుకుంటాయి. ఆ వలలో నీరు, కొవ్వు చిక్కుకుని ఉండటమే గడ్డ పెరుగు. వల పలచబడితే నీరు నిలవదు, పైకి తేరుతుంది. మీ కస్టమర్లు చెబుతున్నది సరిగ్గా అదే.

పొదుగులో సూక్ష్మజీవి చేరితే ఒకేసారి మూడు పనులు జరుగుతాయి. పాలు తయారుచేసే కణాలు దెబ్బతిని కేసీన్ తయారీ తగ్గుతుంది, లాక్టోజ్ కూడా తగ్గుతుంది. రెండోది, రక్తానికీ పాలకూ మధ్య ఉన్న అడ్డుగోడ వదులవుతుంది. దాంతో రక్తంలోని అల్బుమిన్, యాంటీబాడీలు, ఉప్పు పాలలోకి దిగుతాయి. అలాంటి పాలు నాలుక మీద వేసుకుంటే కొంచెం ఉప్పగా ఉంటాయని మన పెద్దవాళ్లు చెప్పేవారు. ఆ మాట నిజం, సోడియం, క్లోరైడ్ పెరగడం వల్లే ఆ రుచి. (మీరు మాత్రం రుచి చూసి పరీక్షించకండి, ఆ పాలలో ఏముందో తెలియదు.)

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది. రక్తం నుంచి ప్లాస్మినోజెన్ అనే పదార్థం పాలలోకి వస్తుంది. అది ప్లాస్మిన్ అనే ఎంజైమ్‌గా మారి కేసీన్‌ను, ముఖ్యంగా బీటా కేసీన్‌ను కోస్తుంది. వాపుతో పోరాడటానికి వచ్చిన తెల్లరక్తకణాలు కూడా ఇలాంటి ఎంజైములనే వదులుతాయి. ఉదయం పితికాక సాయంత్రం దాకా పాలు పొదుగులోనే ఉంటాయి కదా, ఆ పది పన్నెండు గంటలూ ఆవు ఒంటి వేడిలో ఈ కోత సాగుతూనే ఉంటుంది. అంటే మీరు బకెట్ పట్టుకుని కూర్చునేసరికే కేసీన్ కొంత పాడై ఉంటుంది. తర్వాత ఎంత త్వరగా చల్లబరిచినా, ఎంత శుభ్రమైన క్యాన్‌లో పోసినా కోతపడిన కేసీన్ మళ్లీ అతుక్కోదు. ప్లాస్మిన్ వేడికి తొందరగా లొంగేది కూడా కాదు, పాశ్చరైజ్ చేసినా బతుకుతుంది. పాల నాణ్యత అంటే స్టీల్ క్యాన్, చిల్లర్ అనుకునే వాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే. అవి సూక్ష్మజీవులు పెరగకుండా ఆపుతాయి, అందుకు అవి కావాలి. కానీ పొదుగులో జరిగిన నష్టాన్ని అవి పూడ్చలేవు.

జున్నుపాలతో పోలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఈనిన రోజు పాలను తోడు లేకుండా, నిమ్మరసం లేకుండా వేడి చేస్తే చాలు, గడ్డకడతాయి. యాంటీబాడీల లాంటి వే ప్రోటీన్లు వాటిలో విపరీతంగా ఉండటమే కారణం, అవి వేడికి గట్టిపడతాయి. అదే ఆవు నెల తర్వాత ఇచ్చే పాలలోనూ ప్రోటీనే ఉంది, కానీ వేడికి గడ్డకట్టవు. రెండిట్లో ఉన్నదీ ‘ప్రోటీన్’ అనే ఒక్క మాటే, ప్రవర్తన వేరు. పొదుగువాపు పాలలో తేడా జున్నుపాలంత పెద్దది కాదు, కానీ సంఖ్యను చూసి రకాన్ని మరిచిపోకూడదని గుర్తుపెట్టుకోవడానికి ఇది పనికొస్తుంది.

ఇక మెషీన్ సంగతి. పాల కేంద్రాల్లో, చిన్న డెయిరీల్లో వాడే తక్కువ ధర అల్ట్రాసోనిక్ మెషీన్లు ప్రోటీన్‌ను నేరుగా కొలవవు. ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ చూసి, మామూలు పాలలో ప్రోటీన్ ఇంత ఉంటుంది అన్న లెక్కతో ఒక అంకె చూపిస్తాయి. మామూలుగా లేని పాలకు ఆ లెక్క పనికిరాదు. పెద్ద ల్యాబుల్లో ఇన్‌ఫ్రారెడ్ మెషీన్లు ప్రోటీన్‌ను కొలుస్తాయి. కానీ అక్కడ కూడా ‘మొత్తం ప్రోటీన్’ ఒక్కటే చూసి వదిలేస్తే కేసీన్ వాటా తెలియదు. ల్యాబులో ప్రోటీన్‌ను నైట్రోజన్ లెక్కతో చూస్తారు కాబట్టి, మొత్తం నైట్రోజన్‌లో కేసీన్ నైట్రోజన్ ఎంత శాతం అన్నది విడిగా చూడాలి. మంచి పాలలో అది 77, 78 దగ్గర ఉంటుంది. పొదుగువాపు ముదిరిన చన్ను పాలలో 70 దగ్గరికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. కేంద్రంలో ధర కట్టేది ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ మీదే కాబట్టి రైతుకి ఈ నష్టం రసీదులో కనపడదు. ఆవు పాలకు 3.2 శాతం ఫ్యాట్, 8.3 శాతం ఎస్‌ఎన్‌ఎఫ్ ఉండాలన్నది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) ప్రమాణం. మీ పాలు అందులో హాయిగా నెగ్గుతాయి, పెరుగు దగ్గర ఓడిపోతాయి.

పొదుగు ఆరోగ్యాన్ని పాలలో కొలిచే అంకె వేరే ఉంది, దాన్ని సొమాటిక్ సెల్ కౌంట్ అంటారు. ఒక మిల్లీలీటరు పాలలో ఉన్న కణాల లెక్క అది, ఎక్కువగా తెల్లరక్తకణాలు. ఆరోగ్యంగా ఉన్న చన్ను పాలలో లక్ష లోపు ఉంటుంది. 2 లక్షలు దాటితే లోపల ఇన్‌ఫెక్షన్ ఉందని అనుమానించాలి. యూరప్ దేశాల్లో డెయిరీకి చేరే పాలలో 4 లక్షలు దాటకూడదు, అమెరికాలో ఆ హద్దు 7.5 లక్షలు.

ఇక్కడ చిన్న డెయిరీలు మోసపోయే చోటు ఒకటి ఉంది. మీ ఆరు ఆవులకు మొత్తం 24 చన్నులు. 22 చన్నుల పాలలో లక్ష చొప్పున ఉండి, రెండిట్లో 30 లక్షల చొప్పున ఉన్నాయనుకోండి. అన్నిట్లో పాలు సమానంగా వస్తే, క్యాన్‌లో సగటు సుమారు 3.4 లక్షలు. యూరప్ హద్దులో కూడా నెగ్గేస్తుంది! కానీ ఆ రెండు చన్నుల నుంచి వచ్చిన ప్లాస్మిన్ మిగతా 22 చన్నుల మంచి కేసీన్‌లో కలిసింది. అందుకే క్యాన్ పాలు పరీక్ష చేసి ఊరుకుంటే లాభం లేదు, చన్ను చన్నుకీ చూడాలి.

పరీక్ష ఎలా చేయాలంటే: కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్ అని 1957లో వచ్చిన పద్ధతి ఉంది, సీఎంటీ అంటారు. నాలుగు గుంటలున్న తెడ్డు, ఒక ద్రావణం కలిపి కిట్ దొరుకుతుంది. అది దొరికేదాకా బట్టల సర్ఫ్ పొడితో పని జరుగుతుంది. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 3 గ్రాముల పొడి కరిగించండి. చన్ను శుభ్రంగా తుడిచి, మొదటి రెండు మూడు ధారలు విడిగా నల్లటి గిన్నెలోకి పిండి చూడండి, తరకలు, రవ్వలు ఉంటే అక్కడే తెలిసిపోతుంది. తర్వాత నాలుగు చన్నుల పాలు నాలుగు చిన్న గిన్నెల్లో కొద్దికొద్దిగా తీసుకుని, అంతే సర్ఫ్ నీళ్లు కలిపి అర నిమిషం గుండ్రంగా తిప్పండి. పలచగా ఉంటే మంచిది. చిక్కబడి గంజిలా జారుతున్నా, గుడ్డు తెల్లసొనలా ముద్దకడుతున్నా ఆ చన్నులో కణాలు లక్షల్లో ఉన్నట్టు. సబ్బు కణాల పొరను చీల్చి లోపలి డీఎన్‌ఏను బయటికి తెస్తుంది, ఆ జిగురే మీకు కనపడేది. పరీక్ష చేసిన పాలు పారబోయండి.

ఈనిన మొదటి వారంలో, వట్టిపోయే ముందు పాలు బాగా తగ్గినప్పుడు ఈ పరీక్షని నమ్మకండి. అప్పుడు వాపు లేకపోయినా కణాలు ఎక్కువే ఉంటాయి, నాలుగు చన్నులూ ఒకేలా కొంచెం చిక్కబడతాయి. ఒక్క చన్ను మాత్రమే తేడాగా ఉంటే అప్పుడు అనుమానించాలి. ఘట్‌కేసర్ దగ్గర ఒకాయన ఇది తెలియక, ఇంకో రెండు వారాల్లో పాలు ఆపేయాల్సిన ఆవుకి అయిదు రోజులు ఇంజెక్షన్లు వేయించారు. ఖర్చు, ఆవుకి బాధ, పాలు పారబోత తప్ప ఏమీ మిగల్లేదు.

నా అనుభవంలో ఒకటి చెబుతాను. శంకర్‌పల్లి వైపు పది ఆవుల డెయిరీ, అచ్చం మీ కథే. పెరుగు బాగోలేదని ఒక కేటరింగ్ వాళ్లు పాలు ఆపేస్తామన్నారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను క్యాన్ పాలే చూసి, అంకెలన్నీ బాగున్నాయి కదా అని దాణాలో నూనెగింజల చెక్క పెంచమని చెప్పి వచ్చాను. అది నా తప్పు. మూడు వారాలు ఆ రైతు దాణా ఖర్చు పెంచుకున్నాడు, పెరుగు మారలేదు. రెండోసారి చన్ను చన్నుకీ పరీక్ష చేస్తే రెండు ఆవుల్లో మూడు చన్నుల పాలు ముద్దకట్టాయి. ఆ రెండు ఆవుల పాలు క్యాన్‌లో కలపడం ఆపిన రోజు రాత్రి ఒక గిన్నెలో, పాత మిశ్రమంతో ఇంకో గిన్నెలో ఒకే తోడు వేసి పెట్టాం. పొద్దున రెండు గిన్నెలూ వంచి చూస్తే ఆ రైతుకి నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. ఈ పోలిక మీరూ చేయండి. అనుమానం ఉన్న ఆవు పాలు లేకుండా ఒక గిన్నె, అన్నీ కలిపి ఒక గిన్నె. పాలు ఒకేలా కాచి, ఒకే వేడిలో, ఒకే తోడు వేయాలి. ఈ పెరుగు పరీక్షకే, తినడానికి కాదు.

పెరుగు చెడటానికి పొదుగువాపు ఒక్కటే కారణం కాదు, అది కూడా చెప్పాలి. పెరుగు వదులుగా ఉన్నా పులిసిందా, లేక అసలు పులవనే లేదా అని కస్టమర్లను అడగండి. పులుపు వచ్చి, గడ్డ మాత్రం బలహీనంగా ఉంటే కేసీన్ వైపు చూడాలి. పొద్దునదాకా పాలలాగే తియ్యగా ఉంటే పాలలో యాంటీబయోటిక్ ఉందేమో చూడాలి. పొదుగువాపుకి మందు వేసి, గడువు ముగియకముందే పాలు కలిపేస్తే తోడులోని బ్యాక్టీరియా చస్తుంది, లేదా పెరగకుండా ఆగిపోతుంది. ఒక చన్నుకే ట్యూబ్ ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ ఆపాలి, మందు రక్తంలో కలిసి మిగతా చన్నుల్లోకీ వస్తుంది. ఎన్ని రోజులు ఆపాలో మందు లేబుల్ మీద ఉంటుంది, డాక్టర్‌ని అడిగి క్యాలెండర్ మీద రాసుకోండి. ఈ విషయంలో మాత్రం దయచేసి రాజీ పడకండి, ఆ పాలు తాగేది చిన్నపిల్లలు. నీళ్లు కలపడం, చలికాలంలో తోడు వేసిన గిన్నె చల్లబడిపోవడం లాంటివి మీకు తెలిసినవే. ఎండాకాలంలో మన దగ్గర నలభై డిగ్రీలు దాటినప్పుడు ఆవులు మేత తగ్గించి, పాలలో కేసీన్ కూడా కొంత తగ్గుతుంది. అయితే అది మంద మొత్తానికి వస్తుంది, ఒక్క ఆవుతో ఆగదు.

ఇళ్లలో పెరుగుకి పాలు బాగా కాచడం వల్ల కొంత నష్టం కప్పబడుతుంది. మరిగేటప్పుడు వే ప్రోటీన్లలో ముఖ్యమైనది వెళ్లి కేసీన్ ఉండలకు అతుక్కుంటుంది, గడ్డ బలపడుతుంది. పనీర్‌లో కూడా అంతే, వేడి పాలను విరగ్గొడతాం కాబట్టి వే ప్రోటీన్ కొంత అందులోనే నిలుస్తుంది. రెన్నెట్‌తో (పాలను గడ్డకట్టించే ఎంజైమ్) చేసే చీజ్‌లో ఈ వెసులుబాటు లేదు, అందుకే చీజ్‌కి సెల్ కౌంట్ ముఖ్యం. దీని అర్థం ఏమిటంటే, కాచిన పాలతో చేసిన ఇంటి పెరుగులోనే తేడా తెలుస్తోందంటే మీ దగ్గర నష్టం చిన్నది కాదు.

మీరు చివర్లో అడిగారు, ఈ పాలు తాగితే పిల్లలకు ప్రోటీన్ అందదా అని. అందుతుంది. కోతపడిన కేసీన్ కూడా అరుగుతుంది, పోషణ పెద్దగా పోదు. భయపడాల్సింది ప్రోటీన్ గురించి కాదు. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి పొదుగువాపుకి ముఖ్య కారణాల్లో ఒకటి. అది చల్లబరచని పాలలో పెరిగితే విషం వదులుతుంది, పాలు మరిగించినా ఆ విషం పోదు. తరకలు, రక్తపు చారలు, పసుపు నీళ్లు కనిపించిన పాలు మనుషులకూ వద్దు, దూడకీ వద్దు.

మన నగరంలో ఏ2 పాలకు (బీటా కేసీన్‌లో ఏ2 రకం ఉన్న పాలు) ఇప్పుడు మంచి ధర పలుకుతోంది, మీరూ దేశీ ఆవులకు మారాలా అని ఆలోచిస్తున్నానన్నారు. ఏ1, ఏ2 తేడా అంతా బీటా కేసీన్‌లో 67వ స్థానంలో ఉన్న ఒక్క అమైనో ఆమ్లానిది. ప్లాస్మిన్ ముందుగా కోసేది ఈ బీటా కేసీన్‌నే. పొదుగువాపు ఉన్న దేశీ ఆవు నుంచి వచ్చిన ఏ2 పాలలో, ధర పెట్టి కొన్న ఆ ప్రోటీనే ముందు ముక్కలవుతుంది. జాతి మార్చే ఆలోచన తర్వాత చేద్దురుగాని, ముందు పొదుగు బాగుచేయండి.

ఇక ఇవాళే చేయాల్సింది. గట్టిపడిన ఆ చన్ను పాలు క్యాన్‌లో కలపడం ఈ పూటే ఆపేయండి. ఆ ఆవుని అన్నిటికన్నా చివర పితకండి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. మందు మొదలుపెట్టకముందే శుభ్రమైన సీసాలో ఆ చన్ను పాలు పట్టి, ఏ సూక్ష్మజీవి, దానికి ఏ మందు పనిచేస్తుంది అన్న పరీక్షకి ఇవ్వండి. మందు వేశాక తీసిన శాంపిల్‌తో సరిగ్గా తేలదు. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల మీకు దగ్గరే, అక్కడ అడగండి. గడ్డ చాలాకాలంగా ఉండి, అది స్టెఫిలోకాకస్ అని తేలితే మందుకి పూర్తిగా లొంగకపోవచ్చు. అప్పుడు ఆ ఒక్క చన్నును ఎండబెట్టడమా, ఆవును మార్చడమా అన్నది డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

మిగతా ఆవులకు రాకుండా ఉండాలంటే ఎక్కువ ఫలితం ఇచ్చేవి పెద్దగా ఖర్చు లేని పనులు. పితికాక చనుమొన రంధ్రం సుమారు అరగంట దాకా పూర్తిగా మూసుకోదు. ఆ సమయంలో ఆవు పేడలో పడుకుంటే సూక్ష్మజీవి నేరుగా లోపలికి వెళుతుంది. అందుకే పచ్చగడ్డి పితకకముందు కాదు, పితికిన వెంటనే వేయండి, తింటూ నిలబడి ఉంటుంది. ప్రతి చన్నునూ అయోడిన్ ద్రావణంలో ముంచండి. పితికేవాళ్లు బొటనవేలు మడిచి లాగుతున్నారేమో చూడండి, ఆ పద్ధతి చన్ను లోపలి పొరను గాయపరుస్తుంది, పిడికిలితో పితకాలి. నేను వెళ్లే డెయిరీల్లో సగానికి పైగా ఈ బొటనవేలి అలవాటే చూశాను. పాలేరుని కోప్పడితే మారదు, పక్కన కూర్చుని వారం రోజులు చూపించాలి. వర్షాకాలంలో కొట్టంలో నీళ్లు నిలవకుండా చూసుకోండి. ఆవు వట్టిపోయేటప్పుడు, ఈనడానికి రెండు నెలల ముందు, చన్నుల్లో వేసే మందు గురించి డాక్టర్‌ని అడగండి, పాత ఇన్‌ఫెక్షన్ తగ్గించడానికి అది మంచి సమయం.

ఒక మాట మీ కస్టమర్ల గురించి. పాలు ఒక పూట తగ్గుతాయని, ఒక ఆవుకి బాగోలేక దాని పాలు ఆపామని ఉన్నది ఉన్నట్టు మెసేజ్ పెట్టండి. శంకర్‌పల్లి రైతు అలాగే చేశాడు, కేటరింగ్ వాళ్లు ఇప్పటికీ ఆయన దగ్గరే తీసుకుంటున్నారు.

24 చన్నుల పరీక్ష ఫలితం వచ్చాక ఇక్కడే రాయండి. ఏ ఆవు ఈని ఎన్ని నెలలైంది, పూటకి ఎన్ని లీటర్లు ఇస్తోంది, ఇంతకుముందు ఏ చన్నుకైనా వాపు వచ్చిందా అన్నవి కూడా రాస్తే, ఏది వాపు, ఏది వట్టిపోయే దశ తేడా అన్నది చూసి చెబుతాను.